నల్లతెర చూసి ఫార్మాట్ కొట్టకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఈ రెండూ లేని కంప్యూటర్లు మన ఇళ్లలో బోలెడు. బాగానే పనిచేస్తున్న మెషీన్‌ని పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పక చాలామంది ఉబుంటూ, మింట్ లాంటి లైనక్స్ ఎక్కించుకున్నారు. మంచి పని చేశారు.

మొదటి నెల హాయిగా గడుస్తుంది. తర్వాత ఒకరోజు "అప్‌డేట్లు ఉన్నాయి, రీస్టార్ట్ చేయండి" అని అడుగుతుంది. చేస్తారు. మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ వస్తుంది, పోతుంది. ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతుంది. ఎడమవైపు పైమూలన చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటూ ఉంటుంది, అంతే.

ఇక్కడే ఎక్కువమంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. పెన్‌డ్రైవ్ తెచ్చి మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కిస్తారు. లేదంటే కంప్యూటర్ని చంకనేసుకుని షాపుకి వెళతారు. మొదటిదాంట్లో ఫొటోలు, ఫైళ్లు పోతాయి. రెండోదాంట్లో డబ్బులు పోతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అప్‌డేట్ తర్వాత వచ్చిన నల్లతెర వెనక చాలాసార్లు కంప్యూటర్ బతికే ఉంటుంది. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎందుకు తెర రాలేదో ఆ కంప్యూటరే ఒక లైనులో రాసి పెట్టుకుని ఉంటుంది. మనం ఆ లైను చదవాలి.

మధ్యలో దుబాసీ

ఈస్టిండియా కంపెనీ దొరలకూ మనవాళ్లకూ మధ్య దుబాసీలు ఉండేవారు కదా. డ్రైవర్ చేసే పని అదే. లైనక్స్ గుండెకాయని కెర్నెల్ అంటాం. కెర్నెల్ భాష వేరు, గ్రాఫిక్స్ కార్డు భాష వేరు. దుబాసీ రానిరోజు ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, మాట మాత్రం కలవదు. తెర నల్లబడుతుంది.

ఇంటెల్, ఏఎండీ కార్డుల విషయంలో ఈ దుబాసీ ఇంటి మనిషి. ఇంటెల్‌ది ఐ915, ఏఎండీది ఏఎండీజీపీయూ. రెండూ కెర్నెల్‌లోనే కలిసి వస్తాయి. ఏఎండీజీపీయూ 2015లో కెర్నెల్ 4.2తో వచ్చింది. బొమ్మలు గీసే మిగతా పనిని మెసా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అందుకే ఈ కార్డులున్నవాళ్లు డ్రైవర్ అనే మాట వినకుండానే ఏళ్లు గడిపేస్తారు.

ఎన్విడియా సంగతి వేరు. వాళ్లు చాలాకాలం తమ డ్రైవర్ కోడ్‌ని బయటపెట్టలేదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఎవరో ఈ బాధే చెప్పుకుంటే, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్విడియాకి వేలు చూపించి తిట్టాడు. మరోపక్క కొందరు ప్రోగ్రామర్లు కార్డు ప్రవర్తనని గమనించి, ఆనవాళ్లు పట్టి, నూవో అనే డ్రైవర్ రాశారు. అది 2010లో కెర్నెల్‌లోకి చేరింది. కానీ కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్‌కి ఎన్విడియా సంతకం తప్పనిసరి చేశాక, 900, 1000 సిరీస్ కార్డుల్ని నూవో పూర్తి వేగంతో పరిగెత్తించలేకపోయింది. చివరికి 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్‌ని ట్యూరింగ్, ఆ తర్వాతి తరాల కార్డుల కోసం బయటపెట్టింది. ఇది మంచి మలుపే. అయినా ఆ మాడ్యూల్ ఇప్పటికీ కెర్నెల్‌తో కలిసి రాదు, విడిగా రావాల్సిందే.

విడిగా వస్తే ఏమవుతుందంటారా? ఇక్కడ దుబాసీని వదిలి టైలర్ దగ్గరికి వెళదాం. ఎన్విడియా మాడ్యూల్ కొలతలు తీసి కుట్టిన జాకెట్టు లాంటిది. ఏ కెర్నెల్‌కి కుడితే ఆ కెర్నెల్‌కే సరిపోతుంది. అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వచ్చిందంటే కొత్త జాకెట్టు కుట్టాలి. ఈ పనిని మనం అడక్కుండానే చేసిపెట్టే టైలర్ పేరు డీకేఎంఎస్. టైలర్‌కి ఆది జాకెట్టు ఇవ్వకపోతే కుట్టలేడు కదా, డీకేఎంఎస్‌కి ఆ ఆది జాకెట్టు కెర్నెల్ హెడర్లు. హెడర్లు లేకపోయినా, అసలు టైలర్‌కే చెప్పకుండా డ్రైవర్ని నేరుగా ఎక్కించినా, కొత్త కెర్నెల్‌కి జాకెట్టు ఉండదు. ఉబుంటూ చాలా కెర్నెళ్లకి రెడీమేడ్ మాడ్యూళ్లు కూడా ఇస్తుంది. అవి దొరికితే కుట్టుపని అవసరమే లేదు.

పన్నెండు వేలు మిగిలాయి

ఖమ్మంలో మా పిన్ని కూతురు యానిమేషన్ కోర్సు చేస్తోంది. బాబాయి అసెంబుల్ చేయించి ఇచ్చిన డెస్క్‌టాప్, అందులో జీటీఎక్స్ 1650 కార్డు, ఉబుంటూ 24.04. బ్లెండర్‌లో చేసిన ప్రాజెక్టు నాలుగు రోజుల్లో ఇవ్వాలి. సరిగ్గా అప్పుడే నల్లతెర. కంప్యూటర్ని షాపుకి తీసుకెళ్లారు. ఆయన ఆన్ చేశాడు, తెర రాలేదు, "కార్డు పోయింది, కొత్తది పన్నెండు వేల పైనే అవుతుంది" అన్నాడు. ఆయన మోసగాడేం కాదు, లైనక్స్ తెలియదంతే. బాబాయి డబ్బులు సర్దుదామని చూస్తున్నాడు. సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కార్డు కొనేలోపు నా ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకోవడం కుదురుతుందా?"

"ముందు అప్‌డేట్ చేశాకే ఇలా అయిందా చెప్పు."

"అవును. పొద్దున రీస్టార్ట్ చేశాను, అంతే."

"కంపెనీ బొమ్మ తెర మీద కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. అది పోయాకే నలుపు."

ఆ జవాబుతో నాకు సగం ధైర్యం వచ్చింది. ఆ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు. కాబట్టి కంపెనీ బొమ్మ తెరమీదకి వచ్చిందంటే, పంపింది ఆ "పోయిన" కార్డే!

ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ ఒకటి రెండుసార్లు నొక్కమన్నాను. గ్రబ్ అనే మెనూ వచ్చింది. పాత బయోస్ మెషీన్లలో అయితే షిఫ్ట్ నొక్కిపట్టుకోవాలి. అందులో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోపలికి వెళితే రెండు కెర్నెళ్లు కనిపించాయి, పైన కొత్తది, కింద పాతది. పాతది ఎంచుకోమన్నాను. అర నిమిషంలో ఫోన్‌లో కేక వినిపించింది. డెస్క్‌టాప్ వచ్చేసింది, ప్రాజెక్టు ఫోల్డర్ కూడా ఉంది. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించాను. మిగతా పనంతా ఆ తర్వాతే.

అసలు కారణం కూడా దొరికింది. ఎక్కడో వీడియోలో చూసి, డ్రైవర్ని ఎన్విడియా సైటు నుంచి రన్ ఫైల్‌గా దించి ఎక్కించింది. డీకేఎంఎస్‌లో దాని నమోదు లేదు. పాత కెర్నెల్‌కి జాకెట్టు ఉంది, కొత్తదానికి ఎవరూ కుట్టలేదు. ఆ రన్ డ్రైవర్ని దాని సొంత అన్‌ఇన్‌స్టాలర్‌తోనే తీయించి, ఉబుంటూలోని "అడిషనల్ డ్రైవర్స్" నుంచి సరైనది ఎక్కించాం. కొత్త కెర్నెల్‌తో రీస్టార్ట్ చేస్తే తెర వచ్చింది. మొత్తం గంటలోపే. బాబాయి పన్నెండు వేలు బాబాయి దగ్గరే ఉన్నాయి.

వరుసగా మూడు ప్రశ్నలు

ఆ గంటలో చేసిందంతా మూడు ప్రశ్నలకి కుదించవచ్చు. వరుస మార్చకుండా అడగాలి.

ముందుగా కంప్యూటర్‌తో మాట్లాడటానికి దారి కావాలి. నల్లతెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. చాలాసార్లు అక్షరాల తెర వచ్చి యూజర్ పేరు అడుగుతుంది. రాకపోతే గ్రబ్‌లో పాత కెర్నెల్. అదీ కుదరకపోతే గ్రబ్‌లో మీ లైను మీద ఉండి "ఇ" అక్షరం నొక్కండి. "లైనక్స్" అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి "నోమోడ్‌సెట్" అని చేర్చి ఎఫ్10 నొక్కండి. "గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా, బూట్ అయ్యేటప్పుడు ఉన్న సాదా తెరతోనే నడువు" అని దానర్థం. ఈ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది.

ఇక కమాండ్లు. ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, పెద్ద అక్షరం అని చెప్పినచోట తప్ప, అన్నీ చిన్న అక్షరాలే వాడండి.

మొదటి ప్రశ్న: ఏ కార్డు, దాన్ని ఇప్పుడు ఏ డ్రైవర్ నడుపుతోంది? "ఎల్ఎస్‌పీసీఐ", ఖాళీ, హైఫన్, "కె" కొట్టండి. వచ్చే జాబితాలో "వీజీఏ" లేదా "3డీ కంట్రోలర్" అన్నచోట మీ కార్డు పేరుంటుంది. కార్డు పేరు కనిపించిందంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టినట్టే. పేరే లేకపోతే అప్పుడు కార్డుని, స్లాట్‌ని అనుమానించండి. పేరు కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైను ఉందో లేదో చూడండి. మా చెల్లెలి మెషీన్‌లో పాత కెర్నెల్‌లో ఆ లైను ఉంది, ఎదురుగా ఎన్విడియా అని ఉంది. కొత్తదాంట్లో ఆ లైనే లేదు. జబ్బు అక్కడే తెలిసిపోయింది.

రెండో ప్రశ్న: నడుస్తున్న కెర్నెల్‌కి మాడ్యూల్ తయారయిందా? "యూనేమ్ హైఫన్ ఆర్" కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు చెబుతుంది. "డీకేఎంఎస్ స్టేటస్" కొడితే ఏ కెర్నెళ్లకి ఎన్విడియా మాడ్యూల్ ఉందో చెబుతుంది. ఈ నంబరు ఆ జాబితాలో "ఇన్‌స్టాల్డ్" అని ఉందా? లేకపోతే హెడర్లు ఉన్నాయేమో చూసుకోవాలి. రెడీమేడ్ మాడ్యూల్ వాడుతుంటే జాబితా ఖాళీగా ఉండొచ్చు, దానికి కంగారు పడొద్దు.

మూడో ప్రశ్న: మాడ్యూల్ ఉండి కూడా ఎందుకు లోపలికి రాలేదు? జవాబు కెర్నెల్ దినచర్యలో ఉంటుంది. "సుడో జర్నల్‌సీటీఎల్ హైఫన్ కె హైఫన్ బి" కొడితే ఇప్పటి బూట్‌లో కెర్నెల్ రాసుకున్నదంతా వస్తుంది. చివర ఖాళీ వదిలి హైఫన్ 1 చేరిస్తే అంతకుముందు బూట్‌ది వస్తుంది. నల్లతెర వచ్చాక పాత కెర్నెల్‌లోకి వెళ్లి చూసేవాళ్లకి కావాల్సింది ఈ రెండోదే. వందల లైన్లు చూసి బెదిరిపోకండి. ఎన్విడియా, నూవో, డీఆర్ఎం అనే మూడు మాటలున్న లైన్లే చదవండి.

సంతకం లేకపోతే గేటు తీయరు

మూడో ప్రశ్నకి ఎక్కువగా వచ్చే జవాబు సెక్యూర్ బూట్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌లా ఇది, నమ్మిన సంతకం ఉన్న కోడ్‌నే కెర్నెల్‌లోకి రానిస్తుంది. డీకేఎంఎస్ మీ ఇంట్లో కుట్టిన మాడ్యూల్ మీద ఉండేది మీ కంప్యూటర్ సొంత సంతకం. దాన్ని వాచ్‌మన్‌కి ఒకసారి పరిచయం చేయాలి. చేయకపోతే మాడ్యూల్ని ఎక్కించబోయినప్పుడు "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అనే మాట కనిపిస్తుంది.

పరిచయం ఇలా జరుగుతుంది. డ్రైవర్ ఎక్కేటప్పుడు ఉబుంటూ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. చాలామంది అదేమిటో తెలియక ఏదో ఒకటి కొట్టి మరిచిపోతారు. రీస్టార్ట్ చేయగానే నీలం తెర ఒకటి వచ్చి ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు ఎదురుచూస్తుంది. ఏదో ఎర్రర్ అనుకుని వదిలేస్తే అది పక్కకి తప్పుకుంటుంది, పరిచయం జరగదు. అందులో "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డే ఇచ్చి ముందుకెళ్లాలి. "మోక్‌యుటిల్ హైఫన్ హైఫన్ ఎస్‌బి హైఫన్ స్టేట్" కొడితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

"బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ తీసేస్తే పోలా?" అనేవాళ్లున్నారు. కారణం అదేనా అని తేల్చుకోవడానికి తీసి చూడొచ్చు. కానీ అదే మెషీన్‌లో విండోస్ కూడా ఉండి, దానికి బిట్‌లాకర్ ఉంటే, ఈ మార్పు తర్వాత విండోస్ రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో లేకుండా ఆ పని చేయకండి.

తెర వచ్చినా తీరని బాధలు

మెషిన్ లెర్నింగ్ నేర్చుకునే పిల్లల్ని ఎక్కువగా భయపెట్టేది "డ్రైవర్, లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్" అనే సందేశం. "ఎన్విడియా హైఫన్ ఎస్ఎంఐ" కొట్టగానే కనిపిస్తుంది. అప్‌డేట్‌లో లైబ్రరీ కొత్తదయింది, మెమరీలో మాత్రం పాత మాడ్యూలే నడుస్తోంది, అంతే. నడుస్తున్న పని సేవ్ చేసుకుని రీస్టార్ట్ చేయండి. మామూలుగా అక్కడితో తీరిపోతుంది.

రెండోది, తెర వస్తుంది కానీ విండోలు జరిపితే ఈడుస్తుంది, యూట్యూబ్ వీడియోకే ప్రాసెసర్ వేడెక్కిపోతుంది. "జీఎల్ఎక్స్ ఇన్ఫో హైఫన్ బి" కొట్టి (ఈ "బి" మాత్రం పెద్ద అక్షరం), "రెండరర్" అన్నచోట "ఎల్ఎల్‌వీఎం పైప్" అని ఉందేమో చూడండి. ఉందంటే కార్డు ఖాళీగా కూర్చుని, దాని పనంతా ప్రాసెసర్ మోస్తోందని అర్థం. ఎవరో సలహా ఇస్తే నోమోడ్‌సెట్‌ని శాశ్వతంగా రాసిపెట్టుకున్న మెషీన్లలో ఇది మామూలే. నోమోడ్‌సెట్ చేతికర్ర లాంటిది. కాలు బాగయ్యాక తీసేయాలి.

మూడోది లాప్‌టాప్‌ల సంగతి. చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో ఇంటెల్ లేదా ఏఎండీ చిప్ ఒకటి, ఎన్విడియా ఒకటి, రెండూ ఉంటాయి. మామూలు పనికి మొదటిది, బరువు పనికి రెండోది. ఇలాంటివాటిలో ఎన్విడియా డ్రైవర్ చెడిపోయినా లాప్‌టాప్ తెర చక్కగా వస్తుంది. కానీ కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐ తీగ ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది కాబట్టి బయటి మానిటర్ మాత్రం రాదు. తీగ మార్చేముందు మొదటి ప్రశ్న అడగండి.

కార్డు కొనేముందు తరం అడగండి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, తెలిసినవాళ్ల దగ్గరో పాత కార్డు బేరమాడేటప్పుడు మనం జీబీలు అడుగుతాం. లైనక్స్ కోసమైతే తరం కూడా అడగాలి. ఎన్విడియా తన తరాలకి శాస్త్రవేత్తల పేర్లు పెడుతుంది. కొన్ని మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో పేర్లే. ఫెర్మి తరానికి 390 డ్రైవర్ వరుస చివరిది. జీటీ 710 లాంటి కెప్లర్ కార్డులకి 470 చివరిది. ఈ రెండు వరుసలకూ కంపెనీ మద్దతు ఎప్పుడో ముగిసింది. 900 సిరీస్ మాక్స్‌వెల్, 1000 సిరీస్ పాస్కల్ కార్డులకి 580 వరుసే ఆఖరు. 1600, 2000 సిరీస్‌లు ట్యూరింగ్, వీటికీ ఆ తర్వాతవాటికీ కొత్త డ్రైవర్లు వస్తున్నాయి. ఇక 5000 సిరీస్ బ్లాక్‌వెల్ కార్డులకి పేరు చివర "ఓపెన్" అని ఉన్న డ్రైవరే ఎక్కించాలి, రెండోరకం వాటిని నడపదు.

పాత తరం కార్డు మీద కొత్త డ్రైవర్ ఎక్కించినా పనిచేయదు. కొత్త కెర్నెల్ మీద పాత డ్రైవర్ కుట్టుపడకపోవచ్చు. వీడియో ఎడిటింగ్, క్యూడా అవసరం లేనివాళ్లు లైనక్స్ కోసమే కార్డు కొంటుంటే ఏఎండీ వైపు చూడమంటాను. ఆఫీసు పని, సినిమాలు, చదువు వరకే అయితే ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ చాలు, కార్డే అక్కర్లేదు.

ఈ రాత్రికి పది నిమిషాలు

మీ తెర ఇప్పుడు బాగానే ఉంటే ఈ పనులు ఇవాళే చేసిపెట్టుకోండి. మొదటి ప్రశ్న కమాండ్ కొట్టి మీ కార్డు పేరు, డ్రైవర్ పేరు ఒక కాగితం మీద రాసుకోండి. మీ డ్రైవర్ ఉబుంటూ నుంచి వచ్చిందా, సైటు నుంచి దించారా అన్నది కూడా రాయండి. గ్రబ్ మెనూలోకి ఒకసారి వెళ్లి పాత కెర్నెల్ ఎక్కడుందో చూసి రండి. స్థలం కలిసొస్తుందని పాత కెర్నెళ్లన్నీ తీసేయకండి, ఒక్కటైనా ఉంచండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులో ఒక కాపీ పెట్టండి. పరీక్షకో, ప్రాజెక్టుకో ముందురోజు అప్‌డేట్ జోలికి పోకండి.

ఫార్మాట్ కొడితే తెర వస్తుంది, నిజమే. కానీ ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి, అదే డ్రైవర్ని అదే దారిలో ఎక్కిస్తే మరో కెర్నెల్ వచ్చినరోజు మళ్లీ పోతుంది. లాగ్‌లో ఆ ఒక్క లైను చదివినవాళ్లకి రెండోసారి ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు. ఆ కాగితాన్ని సీపీయూ డబ్బా పక్కకి అంటించుకోండి. నల్లతెర వచ్చినరోజు చదువుకోవడానికి తెర ఉండదు మరి!